అమ్మవారికి మూతెడు

మొన్న ఆదివారం మా ఊళ్ళోనే ఇందా పేటలో ఉంటున్న మా అల్లుడు, ఎవరో స్నేహితుడు విమానాశ్రయంలో కొని తెచ్చాడంటూ ఒక సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ సీసా పట్టుకొచ్చి, గ్లాసు అడుగు తడిసేంత పోసి, వాసన చూసి మార్కులు వెయ్యమన్నాడు. కుర్రవాళ్ళకి ఇప్పుడు ఇదొక చదువు. రంగేమిటి, వాసనేమిటి, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది అని ఫోనులో వీడియోలు చూసి మరీ నేర్చుకుంటున్నారు. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, బొగ్గు పొగా టింక్చర్ అయొడినూ కలిసిన ఆ వాసన గుప్పుమంది, గ్లాసు పట్టుకునే కుర్చీలో కూలబడ్డాను. చుక్క నోట్లో పడకుండానే మామయ్యగారికి ఎక్కేసిందని అల్లుడు నవ్వాడు. నాకు ఎక్కింది నలభై అయిదేళ్ళ కిందటి భయమని అతనికేం తెలుసు!

అప్పుడు నేను రైల్వే వర్క్‌షాపు లేబరేటరీలో ఇంకా పర్మనెంటు కాని కుర్రవాణ్ణి. ఇరుసు నూనెలో ఎవరైనా కిరోసిన్ కలిపారేమోనన్న అనుమానం వస్తే, పరీక్ష రిపోర్టు వచ్చేలోగానే అరచేతుల్లో రెండు చుక్కలు రుద్ది వాసన చూసి చెప్పేసేవాణ్ణి, అది చాలాసార్లు నిజమయ్యేది కూడా, అందుకని నన్ను అందరూ ముక్కోడని పిలిచేవారు. నాన్న పోయిన దగ్గర్నుంచి మా చిన్నాన్నే మమ్మల్ని సాకాడు. ఆయన ఆఫీసర్ల క్లబ్బులో బేరర్. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఆయన పేరు మీదున్న రెండు గదుల క్వార్టర్‌లో తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం. రైల్వే క్వార్టర్ల సంగతి మన ఈడు వాళ్ళకి నేను చెప్పాలా, ఉద్యోగం ఊడితే తలమీద కప్పు కూడా ఊడినట్టే.

ఒక ఆదివారం పొద్దున్న పది గంటల వేళ చిన్నాన్న చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చి, సాహెబు నిన్ను రమ్మంటున్నాడ్రా అన్నాడు. ఆ సాహెబు మా వర్క్‌షాపు ఆఫీసరే. ఆయన బావమరిది విదేశం నుంచి పంపిన సింగిల్ మాల్ట్ సీసాని మధ్యాహ్నం అతిథులకోసమని ముందురోజే క్లబ్బు బీరువాలో పెట్టించాడట. ఆ పొద్దున్న వచ్చి చూస్తే సీలు తీసి ఉంది, వాసన చూస్తే టింక్చర్ కంపు. అసలుది వంపేసుకుని నకిలీ పోశావని చిన్నాన్న మీద విరుచుకుపడి, నూనె వాసన పట్టే నీ అన్న కొడుకుని తీసుకురా, వాడు నకిలీ అంటే పన్నెండింటికల్లా నిన్ను పోలీసులకి అప్పజెప్పేస్తానన్నాడట.

సైకిల్ వెనక కూర్చుని చిన్నాన్న అసలు సంగతి చెప్పాడు. మా పేటల్లో ఏటా జరిగే మాతా పూజలో ముందు అమ్మవారికి సారా పొయ్యనిదే మా వాళ్ళెవరూ ముట్టరన్నది మీకు తెలిసిందే. ఈయన ఆ ఆనవాయితీని క్లబ్బుకి కూడా తీసుకుపోయి, కొత్త సీసా విప్పినప్పుడల్లా మొదటి మూతెడు వెనక గుమ్మం పక్కనున్న ఇటుక మీద అమ్మవారి పేరు చెప్పి పోసేవాడట. మామూలు సీసాల్లో ఎవరూ కనిపెట్టలేదు. ఇది అంత దూరం నుంచి వచ్చింది కదా, సాహెబులు ముట్టకముందే అమ్మకి అందాలని ముందుగానే సీలు తీసేశాడు.

“అమ్మోరికి పొయ్యకండా మనుసులకి ఎలగ పోస్తాన్రా? నానేటి తప్పు సేసినాను?” అన్నాడు, చంటిపిల్లాడిలాగ.

నేను సైకిల్ ఆపేశాను. ఆ మాట అక్కడ అన్నావంటే సాయంత్రానికి మన వంటగిన్నెలు రోడ్డు మీద ఉంటాయి, నోరు మెదపకు అని కసిరాను. తండ్రి తరవాత తండ్రిలాంటి మనిషిని కసరడం అదే మొదలు.

క్లబ్బులో సాహెబు సీసా ముందర కూర్చుని ఉన్నాడు. ఇక్కడ మీతో నిజం చెప్పుకోవాలి, నేను స్కాచ్ అనేదాన్ని అంతకుముందు కళ్ళారా చూడనైనా లేదు. అది వచ్చినప్పుడే నకిలీదైనా సరే, చిన్నాన్న జైలుకి. నకిలీని అసలంటే, తెలిసినవాడు ఒకడు తాగి పట్టేస్తే, ఇద్దరం. వాసన చూస్తే నిజంగానే ఆసుపత్రి డ్రెస్సింగ్ గదీ, బొగ్గు ఇంజన్ల లోకో షెడ్డూ ఒక్కసారే గుర్తొచ్చాయి. అప్పుడు లేబరేటరీ బుద్ధి ఒకటి తోచి, వంటింట్లోంచి ఉడికిన ఆలూ ముక్క తెప్పించి దాని మీద రెండు చుక్కలు వేశాను. టింక్చర్ కలిస్తే ముక్క నీలంగా మారాలి. సాహెబు, నేను, చిన్నాన్న ఆ ముక్కకేసి చూస్తూ నిలబడ్డ ఆ రెండు నిమిషాలు, పెద్ద పరీక్షలు ఎన్ని రాసినా అంత బిక్కుబిక్కుమంటూ గడిపి ఎరగను. ముక్క తెల్లగానే ఉండిపోయింది.

ఇక తాగి చెప్పమన్నాడు. అరచేతిలో రుద్దాను, స్పిరిట్ ఎగిరిపోయాక కూడా వేయించిన గింజల వాసన మిగిలింది. గ్లాసు తిప్పితే చుక్కలు గోడల మీంచి నింపాదిగా జారాయి. నాలుగు చుక్కలు నీళ్ళు కలిపి నోట్లో పోసుకుంటే ముందు తీపి, వెనక పొగ, చివర ఉప్పన. సారాలాగ గొంతుని పట్టుకోకుండా వెచ్చగా దిగింది. ఇది నకిలీ కాదు సార్, పొగ పెట్టిన ధాన్యంతో చేసినట్టుంది అన్నాను. సాహెబు తనూ ఒక గుక్క తాగి తల ఊపాడు. మరి సీలెవరు తీశారని అడిగాడు.

చిన్నాన్న నోరు తెరిచాడు. నేను అడ్డం పడి, ఎండకి సీలు పెట్లిపోయి కారుతుంటే తీసి మళ్ళీ బిగించాడట సార్, తమరితో చెప్పడానికి జడిశాడు అని గడగడా అబద్ధం ఆడేశాను. ముక్కు నిజం చెప్పింది కాబట్టి నోరు కూడా నిజమే చెబుతుందనుకున్నాడు కాబోలు, సరే పొమ్మన్నాడు.

ఇంటికి వస్తుంటే చిన్నాన్న సైకిలెక్కలేదు, పక్కనే నడిచాడు. న్యూ సెటిల్‌మెంట్ మలుపు దగ్గర మాత్రం ఒక్క మాటన్నాడు. “అమ్మోరికి ఇచ్చినదాన్ని దొంగసొమ్ములాగ దాసేసినావురా.”

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆయన క్లబ్బులో అమ్మవారికి చుక్క పొయ్యలేదు. సాహెబుల భయం పోయి అమ్మవారి భయం పట్టుకుంది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ వాటా ఆపినందుకేనని కుమిలిపోయేవాడు, నా వంక మాత్రం చూసేవాడు కాదు.

ఇప్పుడు ఆ క్వార్టర్‌లో ఎవరో ఉంటున్నారు. లోకో షెడ్డులో పొగ లేదు. విస్కీ రుచి తప్పు చెప్పినా ఎవరి కప్పూ ఊడదు, అల్లుడికి పదికి తొమ్మిది మార్కులు వేసి గ్లాసు పక్కన పెట్టాను. ఇన్నేళ్ళకి నాకు తోచేదేమిటంటే, ఆ సాహెబు మరీ అంత చెడ్డవాడేం కాదు. మూతెడు విస్కీ దేవతకి పోశానని చిన్నాన్న తన నోటితో చెప్పుకుని ఉంటే నవ్వి ఊరుకునేవాడేమో. ఏమో. చిన్నాన్న చెప్పబోయాడు, నేనే చెప్పనివ్వలేదు.