డిగ్నాబాద్‌లో ఆడవాళ్ల చదువు వేళ

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పట్టణపు గ్రంథాలయంలో పనిచేస్తాను. పాఠకులు తగ్గిపోయి ఉద్యోగం మీద విసుగు పుట్టిన రోజుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన స్నేహితురాలు సునీత ఫోన్ చేసింది. "బీచ్‌లు అందరూ చూస్తారు. నువ్వు మా తాతని చూడు. మా లైబ్రరీ మొదటి ట్రస్టీల్లో ఆయనొక్కడే మిగిలాడు. సోమవారం కమిటీవాళ్లు తెలుగు పుస్తకాల సంగతి తేలుస్తారట" అంది. విశాఖలో విమానమెక్కాను.

సోమవారం పొద్దున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి బస్సులో వండూర్ బీచ్‌కు వెళ్లాను. గంటకు పైగా ప్రయాణం. ఆ రోజు మెరైన్ పార్కు బోట్లకు సెలవు కాబట్టి తీరమంతా ఖాళీ. కాసేపు నడిచి, ఊళ్లోకి తిరిగొచ్చి గోల్ ఘర్ సెంటర్లో చేపల పులుసుతో భోంచేశాను. లైబ్రరీ ఉన్న డిగ్నాబాద్ పేటకు ఆటో వంద రూపాయలు.

"తాత లైబ్రరీకా దీదీ? నాకు తెలుగు పఢ్నా రాదు గానీ, చిన్నప్పుడు సన్యాసమ్మ దాదీ చదివితే అక్కడే ఇనీవోడిని" అన్నాడు డ్రైవరు.

రేకుల కప్పు కింద రెండు గదులు. ఎనభై దాటిన జోగారావు గారు కుర్చీలో ఉన్నారు. షుగరు వల్ల చూపు పోయింది. పక్కన ఆయన భార్య సన్యాసమ్మ గారు. నేను అడగ్గానే ఆయన మొదలుపెట్టారు.

"నలుగురం చేపలోళ్లం, ఒక పంతులుగారు కలిసి పెట్టాం తల్లీ. విశాఖ షిప్పొస్తే జెట్టీకెళ్లి పుస్తకాల మూట నేనే మోసుకొచ్చీవోణ్ని. అప్పుడే మా పెళ్లయింది. ఈవిడకి ఇక్కడెవరూ తెలీదు, ఒకటే ఏడుపు. రోజూ కథ చదివి ఇనిపించీవోణ్ని. తర్వాత అచ్చరాలు నేర్పాను."

చదువు వచ్చాక ఆమె లైబ్రరీకి వస్తానంది. గది నిండా మగవాళ్లే. మిగతా ట్రస్టీలు కుదరదన్నారు. జోగారావు గారు తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశారు.

"చదవకుండా ఎలా ఉన్నారు?"

"నానున్నాను. ఆళ్లే ఉండలేకపోయారు. మూట మోసీవోడు లేడు గదా!" అని నవ్వారు.

అలా ఆడవాళ్లకు మధ్యాహ్నం వేళ దక్కింది. మొదటిరోజు వచ్చింది సన్యాసమ్మ గారొక్కరే. "తలుపు తీసి పెద్దగా చదివాను. కుళాయి కాడ ఆడోళ్లు ఇంటారని" అన్నారామె. బిందెలు గుమ్మంలో దించి ఒక్కొక్కరే లోపలికొచ్చారట. ఇప్పుడు అదే వేళకు భర్తకు చదివి వినిపిస్తున్నారు.

మూడింటికి పదిమంది దాకా పోగయ్యారు. కమిటీ అధ్యక్షుడూ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. "తాతా, బురా మత్ మాన్నా, ఏటీ అనుకోకు. పుస్తకాలు పట్టుకెళ్లీవోళ్లు లేరు. పిల్లలకి కంప్యూటర్లు పెట్టాల" అన్నాడు నెమ్మదిగా. జోగారావు గారు భార్య వైపు ముఖం తిప్పారు.

"సరే బాబూ, ఈ కథ అయ్యీదాకా కూకో" అని సన్యాసమ్మ గారు మొదలుపెట్టారు. తప్పిపోయిన మేకపిల్ల కోసం వానలో బయల్దేరిన ముసలామె కథ. సగంలో దగ్గు తెర వచ్చి ఆగిపోయారు.

"మేక దొరికిందా దాదీ?" అంది చంటిబిడ్డనెత్తుకున్న ఒకామె.

సన్యాసమ్మ గారు పుస్తకం అధ్యక్షుడికి అందించారు. అతను పేజీ వైపు చూసి తలవంచుకున్నాడు. "మాటొస్తాది గానీ, అచ్చరాలు రావు దాదీ."

పుస్తకం నా చేతికొచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరికీ గట్టిగా చదివి వినిపించలేదు నేను. ఆమె ఆపిన చోటు నుంచి మొదలుపెట్టాను. మేకపిల్ల దొరికేసరికి అధ్యక్షుడు కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

చివరికి ముందుగది కంప్యూటర్లకు పోయింది. తెలుగు పుస్తకాలకు వెనకగది, రెండు బీరువాలు, మధ్యాహ్నం వేళ మిగిలాయి. మిగతా పుస్తకాలు షిప్పులో విశాఖకు పంపేస్తారు.

"ఏవి ఉంచమంటావు మావా? చెప్పు, నేను తీస్తాను" అన్నారు సన్యాసమ్మ గారు. ఆయన లేచి, ఆమె భుజం పట్టుకుని బీరువా దాకా నడిచారు. ఒక్కో పుస్తకం అట్టను వేళ్లతో తడుముతుంటే ఆమె ఆ పుస్తకం పేరు చెబుతూ వచ్చారు. ఆయన ఏదీ వదలలేక తడిమిన అట్టనే మళ్లీ తడిమారు.

పుస్తకం ఇంటికి పట్టుకెళ్లినవాళ్లే పాఠకులని ఇన్నాళ్లూ అనుకున్నాను. గుమ్మంలో నిలబడి విన్నవాళ్లను ఏ రోజూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు మా ఊళ్లోనూ శనివారం మధ్యాహ్నాలు తలుపు బార్లా తీసి చదువుతున్నాను. మొన్న ఇద్దరొచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అక్కడ పొద్దు తొందరగా వాలుతుంది, శీతాకాలంలో ఐదింటికే చీకటి. సన్యాసమ్మ గారు కిటికీ వెలుతురులోనే చదువుతారు కాబట్టి మూడింటికల్లా చేరుకోండి.