మెంతిగుజ్జు హెల్మెట్

మా కోడలు బాపట్లలో ఒక బడిలో సైన్సు చెబుతుంది. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి వస్తుంది. పిల్లల ముందు గలగలా మాట్లాడుతుంది. పెద్దవాళ్లు నలుగురు ఎదురుగా కూర్చుంటే మాత్రం నోరు పడిపోతుంది. నిరుడు బడిలో సైన్సు పండగ చేస్తే, పిల్లల తల్లిదండ్రులంతా వచ్చారు. ఈమె మైకు ముందుకెళ్లి "అందరికీ నమస్కారం" అంది. ఆ పైన ఏమీ రాలేదు. కాసేపాగి మళ్లీ "అందరికీ నమస్కారం" అని దిగి వచ్చేసింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, మావాడు చెప్పాడు. ఆమె నాకేదీ చెప్పదు. పెళ్లయి పదకొండేళ్లయింది, నేనేమన్నా "అలాగేనండి అత్తయ్యా" అనడమే. నా నోరు మంచిది కాదు. అది నాకూ తెలుసు, వీధికీ తెలుసు.

ఈ ఏడు ఆ మాట్లాడే పని ఇంకో టీచరుకిద్దామని హెడ్మాస్టరమ్మ అన్నదట. మా కోడలు ఎలా తెగించిందో గానీ, "నేనే చేస్తానండి, వేషం కట్టి చేస్తాను" అని ఒప్పుకుని వచ్చింది. వేరే గ్రహం నుంచి దిగిన మనిషి భూమ్మీద నీళ్లను చూసి ఆశ్చర్యపోయి, వాటి గురించి పది నిమిషాలు చెప్పాలి.

"తలకి ఇలాంటిది పెట్టుకుంటానండి" అని ఫోనులో బొమ్మ చూపించింది. గుండ్రంగా, వెండి రంగులో, ముందు అద్దంతో ఉంది.

"ఇదేంటే, కుండ బోర్లించుకున్నట్టుంది."

"అందులో ముఖం కనపడదండి. నా ముఖం వాళ్లకి కనపడకపోతే నాకు మాట వస్తుందండి."

అది విన్నాక నాకు నవ్వు రాలేదు. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఈ పిల్లే. నేను విసుగొచ్చి పలక మంచం కిందకి తోసేస్తే, వంగి తీసి, తుడిచి, మళ్లీ నా చేతిలో పెట్టేది. ఇప్పుడిలా రాయగలుగుతున్నానంటే ఆమె చలవే. ఆమెకు చెప్పడం రాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

"కొనుక్కోరాదూ?" అన్నాను.

"ఆన్‌లైన్‌లో చూశానండి. అది వచ్చేసరికి పండగ అయిపోతుంది."

"అయితే నేను చేస్తాలే" అనేశాను. అన్న తర్వాత ఎలాగా అని ఆలోచించాను.

కొలకలూరులో నా చిన్నప్పుడు మా ఇంట్లో కాగితం వృథాగా పోయేది కాదు. చింపి నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జును బోర్లించిన కుండ మీద మెత్తి ఎండబెట్టేవాళ్లం. ఎండాక ఊడదీస్తే బుట్ట. బియ్యం, పప్పులు అన్నీ వాటిలోనే. పాళ్లు గుర్తులేక రేపల్లెలో ఉన్న మా అక్కకు ఫోను చేశాను.

"చేతులు వణికే వయసులో నీకు గుజ్జు దేనికే?" అంది.

"కోడలికి టోపీ చేద్దామని."

"ఎలాంటి టోపీ?"

"తలంతా మూసేసేది."

"కన్నాలు పెట్టవే గాలాడటానికి. లేకపోతే అత్త కోడలికి ఊపిరాడకుండా చేసి చంపిందని పేపర్లో వేస్తారు. ఇప్పుడు నీకు చదవటం కూడా వచ్చాయె" అంది. పాళ్లు మాత్రం సరిగ్గానే చెప్పింది.

కోడలి తలను తాడుతో కొలిచి, దానికంటే నాలుగు వేళ్లు పెద్దగా ఉండే మట్టికుండ తెచ్చాను. మా ఇంట్లో చేరిన పాత పేపర్లు, ఆమె దిద్దేసిన పరీక్ష కాగితాలు నానబెట్టాను. గుజ్జు రుబ్బుతుంటే కోడలు వచ్చి చూసి, "కొంచెం పల్చగా వేస్తే చాలేమోనండి" అంది.

"పల్చగా వేస్తే వంకర పోతుంది. నీకు తెలీదు" అన్నాను.

"అలాగేనండి."

ఎనిమిది పూతలు వేశాను. డాబా మీద ఎండబెట్టి, కాకులు పొడవకుండా పక్కనే గొడుగేసుకుని కూర్చున్నాను. ఐదో రోజుకి తడితే ఠంగుమంది. తియ్యబోతే రాలేదు. తిప్పాను, గుద్దాను, తడిగుడ్డ వేశాను. రాలేదు. అప్పుడు వెలిగింది నాకు. బుట్టకి మూతి పెద్దది, అడుగు చిన్నది. అందుకని కుండ నడుము దాకానే మెత్తుతాం, జారి వచ్చేస్తుంది. ఇది తలకాయ కదా అని నేను నడుము దాటి కుండ మెడ దాకా మెత్తేశాను. ఇన్ని బుట్టలు చేసిన దాన్ని, మెడ ఉన్న వస్తువు ఒక్కటీ చేసిన పాపాన పోలేదు.

రోకలి పెట్టి లోపల కుండను ముక్కలు చేసి బయటికి తోడాను. హెల్మెట్ మిగిలింది. కోడలి తల మీద పెడితే దిగదు. మెడ పట్టేంత సందులోంచి తల ఎలా దిగుతుంది?

"మూడు రోజులే ఉన్నాయండీ" అంది, ఏడుపు గొంతుతో.

"ఏడవమాక. తల కొయ్యలేం గానీ దీన్ని కొయ్యొచ్చు."

ఇనప రంపంతో నిలువునా కోశాను. ముందు చిప్ప ఒకటి, వెనక చిప్ప ఒకటి. ముందు చిప్పకి కళ్ల దగ్గర పెద్ద కిటికీ కోసి, జిరాక్సు షాపులో దొరికే ప్లాస్టిక్ షీటు అంటించాను. చెవుల దగ్గర దబ్బనంతో కన్నాలు పొడిచి, ఒక చిప్పకి జాకెట్టు హుక్కులు, రెండో చిప్పకి కాజాలు కుట్టాను. ఆ చెవి దగ్గర నాలుగు, ఈ చెవి దగ్గర నాలుగు. పైన గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు. రెండు చెవులకి రెండు టీ వడకట్టే జాలీలు. నడినెత్తిన పాత గొడుగు ఊచ.

తొడిగి చూస్తే బానే ఉంది. లోపల్నుంచి ఏదో అడిగింది. చెయ్యి వెనక్కి పెట్టి చూపిస్తే అర్థమైంది, జడ ఎక్కడ పెట్టుకోవాలని.

"బయటికే వదిలెయ్. వేరే గ్రహం వాళ్లకి జడలుండవా ఏంటి?"

ఆమె మాట నాకు సరిగా వినపడలేదని అప్పుడు గమనించాను. నా చెవులు ముసలివి కదా అనుకున్నాను.

ఆ హుక్కులు నేను తప్ప ఎవరూ పెట్టలేరు, అంత బిగుతు. అందుకని నేనూ బాపట్ల బయల్దేరాను. రైల్లో ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంటే ఎదురుసీటు ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏంటి పిన్నిగారూ, ఆవకాయా? మెంతుల వాసన గుప్పుమంటోంది" అంది.

"కాదమ్మా, మా కోడలి తలకాయ" అన్నాను. నిడుబ్రోలులో పొన్నూరు వాళ్లు ఎక్కగానే లేచి వాళ్ల పక్కకి వెళ్లి కూర్చుంది.

బడి ఆవరణ నిండా జనం. వేదిక వెనక హుక్కులు బిగించి పంపి, పక్కన కుర్చీలో కూర్చున్నాను. మా కోడలు వెళ్లి ధైర్యంగా నిలబడింది. చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మైకులోంచి మాత్రం నూతిలో పడ్డ పిల్లి అరిచినట్టు "మ్మ్.. మ్మ్.." అని వస్తోంది. ఎనిమిది పూతల గుజ్జు మాటంతా తాగేసింది.

"వినపడట్లేదండీ!" అని వెనకనుంచి కేకలు.

"ముందా బిందె తియ్యండమ్మా!" అన్నాడొకాయన.

హెడ్మాస్టరమ్మ నావైపు చూసి, తియ్యమని సైగ చేసింది. అది తీస్తే ఆమెకు మాట పోతుంది. తియ్యకపోతే వచ్చిన మాట ఎవరికీ వినపడదు. మెట్లెక్కి వెళ్లాను. ప్లాస్టిక్ వెనక ఆమె కళ్లు నన్ను చూసి పెద్దవయ్యాయి. రెండు చేతులతో హెల్మెట్ గట్టిగా పట్టుకుంది. నేను ఆ చేతులు తప్పించి ఎనిమిది హుక్కులూ ఊడదీసి, ముందు చిప్ప లాగేశాను.

చెమటతో తడిసిన ముఖం, నుదుటి మీద గుజ్జు పెచ్చులు.

"అందరికీ నమస్కారం" అంది. ఆగింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

"చెప్పవే!" అన్నాను నేను, ఉండబట్టలేక.

గిర్రున నావైపు తిరిగింది.

"ఎలా చెప్పనండీ? పల్చగా చాలండీ అని చెప్పానా లేదా? నాకు తెలీదన్నారు! ఊపిరాడక చచ్చిపోతున్నానండీ ఇందులో! పైగా మెంతులు నా టిఫిన్ డబ్బాలో నానబెట్టారు. వారం నుంచి పెరుగన్నం చేదండీ! ఎవరి మాటా వినరే మీరు!"

మైకు స్టాండు ఆమె మూతి పక్కనే ఉంది. ఆవరణంతా మోగింది.

ముందు వరసలో ఒకావిడ చప్పట్లు కొట్టింది. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా!" అంది ఇంకొకావిడ. జనం ఒకటే నవ్వు. మా కోడలు మైకు చూసుకుని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అయిపోయింది, ఇక దిగిపోతుంది అనుకున్నాను. చెయ్యి తీసి జనం వైపు తిరిగింది.

"క్షమించండి. నేను వేరే గ్రహం నుంచి వచ్చానండి. అక్కడ నీళ్లు లేవు గానీ, అత్తగార్లున్నారు."

ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి, అప్పుడు నీళ్ల సంగతి మొదలుపెట్టింది. మబ్బు, బోరు, ఉప్పునీళ్లు, అన్నీ చెప్పింది. పది నిమిషాలన్నది ఇరవై దాటింది. నేను దిగడానికి వీల్లేక, ముందు చిప్పను దోసిట్లో పట్టుకుని, చందాలు వసూలు చేసేదానిలా పక్కనే నిలబడ్డాను.

తిరుగు రైల్లో చాలాసేపు కిటికీలోంచి పొలాలు చూసింది.

"అందరి ముందూ అలా అనేశానండీ."

"అన్నావు."

"కోపం వచ్చిందాండీ?"

"వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది?"

మళ్లీ పొలాలు చూసింది. నిడుబ్రోలు స్టేషన్లో బండి ఆగినప్పుడు, నావైపు తిరక్కుండానే, "అయినా డబ్బా సంగతి నిజమే కదండీ" అంది.

"నిజమే" అన్నాను.

ఆ డబ్బా మాట అనడానికి ఆమెకు బాపట్ల నుంచి నిడుబ్రోలు దాకా పట్టింది. పదకొండేళ్ల మీద చూస్తే తొందరగానే అన్నట్టు.