నర్సవ్వ తిట్టిన మలీద

పక్కింట్లో ఎవరో వేడి రొట్టెల్ని నలిపి మలీద చేస్తున్నట్టున్నారు. బెల్లం, నెయ్యి, యాలకుల వాసన మా వంటగది కిటికీలోంచి వస్తోంది. బతుకమ్మ రోజుల్లో వరంగల్‌లో ఈ వాసన రాని ఇల్లుండదు. అది తగిలితే చాలు, నాకు నర్సవ్వ గుర్తొస్తుంది.

నర్సవ్వది కొత్తవాడలో మా ఎదురిల్లు. కొడుకు పక్కన కూర్చుని మగ్గం మీద జంపఖానాలు నేసేది. పళ్లు సగం రాలిపోయినా నోరు మాత్రం వాడంతా వినపడేది.

నేను డిగ్రీలో చేరిన ఏడు నా చేతుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. అంటుకునేవి కావని డాక్టర్ చెప్పాడు. వాడకు ఎవరు చెప్పాలి? సద్దుల బతుకమ్మ నాడు ఆట ముగిసి, బతుకమ్మల్ని నీళ్లలో సాగనంపాక, ఆడవాళ్లు ఒకరి ప్రసాదం ఒకరికి పంచుకుని అక్కడే తింటారు. నేనూ మలీద ముద్దల గిన్నె పట్టుకుని తిరిగాను. నా దగ్గరికొచ్చేసరికి అందరికీ కడుపు నిండిపోయింది. చిన్నప్పుడు నాతో ఒకే కంచంలో తిన్న స్నేహితురాలు చెయ్యి చాచి, వాళ్లమ్మ చూపు పడగానే వెనక్కి తీసుకుంది.

ఆ ఏడు వాళ్లు నా చేతి తిండి కాదన్నది ఆ ఒక్క పూటే. మిగతాదంతా నేనే చేసుకున్నాను. ఇంట్లో ఎవరూ అనకముందే నా గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. చుట్టాలొస్తే నీళ్లివ్వడానికి అమ్మనే పిలిచేదాన్ని. నా చేతులంటే నాకే రోత పుట్టింది. మరుసటి ఏడు పండుగ నాడు తలనొప్పని ముసుగుతన్ని పడుకున్నాను.

నర్సవ్వ తిన్నగా లోపలికొచ్చి నన్ను లేపింది. వంటింట్లో రొట్టెలు నలుపుతున్న అమ్మను జరగమని, ఆ పళ్లెం ముందు నన్ను కూర్చోబెట్టింది. ఓదారుస్తుందేమోనని ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. నేను కట్టిన మొదటి ముద్ద నోట్లో వేసుకుని ఆమె మొహం చిట్లించింది.

"ఏందే సుజాత, గీ పలుకులు పండ్లు లేనిదాన్ని ఎట్ల నములాలె? జర మెత్తగ నలుపు."

మళ్లీ నలిపించింది. నెయ్యికి పిసినారితనమేమిటని మళ్లీ తిట్టింది. ఆ ఏడాదంతా నన్ను చూసి జాలిపడ్డవాళ్లున్నారు, తప్పుకున్నవాళ్లున్నారు. పని సరిగ్గా చేయలేదని తిట్టినవాళ్లు లేరు. ఆ తిట్లు ఎంత హాయిగా అనిపించాయో చెప్పలేను.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుపోయి, గిన్నె నా చేతికిచ్చి పంచమంది. ఇద్దరు ముగ్గురు తీసుకున్నారు. చాలామంది తీసుకోలేదు. నా స్నేహితురాలు అటు తిరిగి నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సవ్వ అక్కడే చతికిలబడి, నన్నూ పక్కకు లాక్కుంది.

"ఏడుస్తానవేందే? తిననోళ్ల వంతు గూడ మనదే గద. కూసో, తిను."

వేళ్లు నాక్కుంటూ నిజంగానే తినసాగింది. నేనూ తిన్నాను. మలీద చాలా బాగా కుదిరింది.

నర్సవ్వ పోయి ఏళ్లయింది. మచ్చలు ఇప్పుడు మోచేతులు దాటాయి. నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలు కొందరు నా చేతిలోని చాక్‌పీసు అందుకోబోయి ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోను.