గిరాకీకి వీపు చూపని భుజం

మొన్న ఎగ్మూరు దగ్గర ఒక ఆస్పత్రిలో, నాకు మనవరాలి ఈడున్న డాక్టరమ్మ నన్ను చొక్కా విప్పి గోడవైపు తిరిగి నిలబడమంది. మొదట ఒళ్ళు మండింది. మా వంశంలో మగవాళ్ళు పరాయివాళ్ళ ముందు చొక్కా విప్పరు, వీపు అసలే చూపరు. అయినా నొప్పికి తలవంచి తిరిగాను. ఆమె కుడివైపు రెక్క ఎముక మీద వేలు పెట్టి, ఇక్కడి కండ ఏమైపోయిందని అడిగి, ఫోనులో ఫోటో తీసి చూపించింది. ఎడమవైపు నిండుగా ఉంది. కుడివైపు దోసిలి పట్టేంత గుంట. ఒంటరివాణ్ణి, ఇంట్లోనూ బనీను విప్పనివాణ్ణి, నా ఒంటి మీది ఆ గుంటను నేను చూడటం అదే మొదలు.

మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి నెట్టమంది. ఎడమచెయ్యి ఆమెను వెనక్కి తోసింది, కుడిది ఆమె చిటికెన వేలికే లొంగిపోయింది. సన్నటి సూదులతో నరం పరీక్షా, స్కానూ అయ్యాక విడమరిచి చెప్పింది. మెడ దగ్గర బయలుదేరిన ఒక నరం, రెక్క ఎముకకున్న చిన్న గంటులోనుంచి, బిగువైన పట్టీ కిందుగా దూరి భుజం వెనక కండలకు పోతుందట. సుప్రాస్కాపులర్ నరమని దాని పేరు. చేతిని తల మీదుగా వెనక్కి చాచి ఏళ్ళ తరబడి లాగేవాళ్ళలో అది అక్కడ నలిగిపోతుందట. బంతి విసిరే ఆటగాళ్ళకు వస్తుంటుంది, మీరేం ఆడేవారు అని అడిగింది.

ఆడటమా!

చింతాద్రిపేటలో మా తాతగారి టోకు బట్టల కొట్టు ఎరిగినవాళ్ళు ఇది చదివేవారిలో ఇంకా ఒకరిద్దరు ఉండకపోరు. నేలంతా తెల్లటి పరుపులు, గోడకు పైకప్పుదాకా అరలు, అరలకు ఆనుకుని గుమాస్తాలు. గిరాకీకి వీపు చూపకూడదన్నది తాతగారు పెట్టిన కట్టడి. చుట్టిపెట్టిన బట్ట తానుల్లో ఏది అడిగినా గుమాస్తా ముఖం వచ్చినవారి వైపే ఉండాలి, నవ్వు చెదరకూడదు, చెయ్యి మాత్రం తల మీదుగా వెనక్కి పోయి, పై అరలో తానును తడిమి పట్టుకుని, లాగి, ఒక్క విసురుతో పరుపు మీద పరవాలి. బట్ట గాలి మింగి నెమ్మదిగా దిగేది. ఆ చప్పుడు వింటూ తాతగారి ఒడిలో పెరిగినవాణ్ణి నేను. నాన్నగారి కాలంలో కొట్టు చేతులు మారింది. ఎలా మారిందో చెప్పి ఆయనను పలచన చెయ్యను.

నూనూగు మీసాల వయసులో, పురసవాక్కంలో మా అక్క మొగుడి కొట్టులో నేనే గుమాస్తానయ్యాను. అక్కడ మిగతావాళ్ళు హాయిగా గోడవైపు తిరిగి నిచ్చెన ఎక్కి తానులు దించేవారు. నేను తిరగలేదు. జీతానికి నిలబడ్డా మా కొట్టులో నిలబడినట్టే నిలబడ్డాను. కొన్నాళ్ళకు భుజం వెనక పంటినొప్పి లాంటిదొకటి మొదలై, పై అరకు చెయ్యి పోవడం బరువైంది. బావగారితో చెప్పుకున్నాను. వయసు కుర్రాడికి నొప్పేమిటని నవ్వేశారు. ఒక పెళ్ళిళ్ళ కాలంలో, పరుపు నిండా పెళ్ళివారు కూర్చుని ఉండగా, నేను లాగిన పట్టు తాను పట్టుతప్పి పెళ్ళికొడుకు మేనత్త నెత్తిన పడింది.

"చూసుకోండమ్మా, చింతాద్రిపేట మహారాజు! చెయ్యి లేవదంట. రేపట్నించి ఈడ సింహాసనం ఏసి, చామరం నేనే ఇసరతా!" అన్నారు బావగారు, అందరూ వినేలా. మేనత్త కూడా నవ్వింది. "దొంగనొప్పిరా నీది. పని చేసే ఒళ్ళు కాదు. పో, ఆడ వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళని పిలువు పో."

"నొప్పి నాది బావా. వాకిలి మీది," అని మెట్లు దిగి వచ్చేశాను. తరవాత చూలైలో ఒక ఇనుప సామాన్ల కొట్టులో లెక్కలు రాసుకుంటూ బతికాను. కానీ దొంగనొప్పి అన్న మాట నన్ను వదలలేదు. ఏ పెళ్ళికి పోయినా, పీటలు జరపమని ఎవరైనా నన్ను అడిగితే చాలు, వెనకనుంచి నవ్వు వినపడేది. అక్క పోయేదాకా ఆ మాటే నమ్మింది. నా తోడబుట్టిన అక్క!

వైద్యుల సంగతి ఇంకా ఘోరం. ఒకాయన మెడ ఎముకలు అరిగాయని పట్టీ కట్టించాడు. ఇంకొకాయన భుజం బిగుసుకుపోయిందనీ, ఇది షుగరు వల్లేననీ తేల్చాడు. రక్తంలో షుగరు లేదని తేలాక కూడా రాక మానదన్నాడు. వేరేవాళ్ళు పట్టుకుని ఎత్తితే పైదాకా సులువుగా లేచే చెయ్యి బిగుసుకుపోయిన చెయ్యి ఎలా అవుతుందయ్యా? ఎత్తి చూసిందెవరు? బల్లకు అటువైపు కూర్చుని, నా ముఖం చూసి మందు రాసినవాళ్ళే అందరూ. వెనక్కి వచ్చి నిలబడి ఒక్కసారి చూడటానికి ఎంత చదువు కావాలి?

ఈ డాక్టరమ్మ తెరమీద చూసుకుంటూ ఆ గంటు దగ్గర మత్తుసూది వేసింది. కాసేపటికి నొప్పి దిగింది. ఇంట్లో ఎప్పుడూ తిరిగే యంత్రమేదో ఆగినట్టనిపించింది. నొప్పి అక్కడిదేననడానికి ఇదే గుర్తు అంది. మందు ప్రభావం తగ్గితే మళ్ళీ చూద్దామంది. ఎండిపోయిన కండ మాత్రం ఇక రాదట. మొదట్లోనే పట్టుకుని ఉంటే ఆ పని మాన్పించి, వ్యాయామాలతోనో, అప్పటికీ తగ్గకపోతే ఆ పట్టీని కోసి నరాన్ని వదులు చేసో భుజాన్ని కాపాడేవాళ్ళమంది.

ఆస్పత్రి నుంచి ఆటో నేరుగా పురసవాక్కం పోనిమ్మన్నాను. రిపోర్టులు ఆస్పత్రిలోనే ఉంచమన్నాను. కాగితం చూపి నమ్మమని అడుక్కునే వంశం కాదు మాది. కొట్టు ఇప్పుడు అద్దాల మేడ. గల్లా పక్కన మెత్తటి కుర్చీలో బావగారు, బాగా పండిపోయారు.

"ఏందిరా, ఇన్నేళ్ళకి దారి కనబడిందా?" అన్నారు.

అందరూ చూస్తుండగా చొక్కా, బనీను విప్పి, ఆ కొట్టులో మొట్టమొదటిసారి వీపు తిప్పి నిలబడ్డాను. బావగారి ముసలి వేలు ఒకటి వచ్చి గుంటలో ఆగింది.

"అయ్యో, ఇంత గుంటా! ఎవురూ చూడ్లేదా అప్పా?"

"ఈ కొట్టులో నేనెప్పుడు వీపు తిప్పాను బావా, చూడటానికి?"

ఆ వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది. "మీ అక్క ఉండి చూసుండాల్సిందిరా," అన్నారు చివరకు. నేను చొక్కా వేసుకున్నాను. ఆయన క్షమించమనలేదు, నేను క్షమించానని చెప్పలేదు.

బయటికి వస్తూ చూశాను. ఇప్పుడు తానులు లేవు, పరుపులు లేవు. బట్టలన్నీ కొక్కేలకు వేలాడుతుంటే వచ్చినవాళ్ళే తీసి చూసుకుంటున్నారు. అమ్మే పిల్లలు ఫోన్లు చూసుకుంటూ అటు తిరిగి నిలబడి ఉన్నారు. తాతగారైతే వాళ్ళను ఆ పూటే ఇంటికి పంపేవారు. నాకూ కోపం రావలసిందే. కానీ ఆ పిల్లల వీపులు చూశాను. రెండు భుజాలూ సమంగా, నిండుగా ఉన్నాయి. పోనీలే అనుకున్నాను. బట్ట గాలి మింగి దిగే చప్పుడు మాత్రం ఈ ఊళ్ళో ఇక నాకెక్కడా వినపడదు.