గాలి లేని హార్మోనియం

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. పోయిన చలికాలమంతా నేను కంప్యూటర్ మీద, దానికి సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్ళ మీద, వాటిని మెచ్చుకుంటూ వీడియోలు పెట్టేవాళ్ళ మీద పళ్ళు కొరుకుతూ గడిపాను. ఇంట్లో నా భార్య నాతో మాట్లాడడమే తగ్గించేసింది. "మీ నాయన కోసమే కదా ఈ తిప్పలన్నీ" అని నేనంటే, "మా నాయన నిన్ను అడిగినాడా?" అనేది. అడగలేదు, నిజమే.

మా మామది ఆళ్లగడ్డ. రాతి శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో దేవుళ్ళను చెక్కడం ఆయన పని. శనివారం భజనలో హార్మోనియం వాయించడం ఆయన ప్రాణం. ఆ మధ్య లారీకి ఎక్కిస్తున్న రాయి ఒకటి జారి ఆయన ఎడమ భుజం మీద ఒరిగింది. కర్నూలుకు తీసుకుపోయి చూపించాం. చెయ్యి నిలిచింది గానీ పైకి లేవదు, ముందుకూ వెనక్కూ ఆడదు. ఉలి పట్టడం పోయింది. దానికాయన పెద్దగా ఏమీ అనలేదు. షెడ్డులో కుర్చీ వేసుకుని రాళ్ళ మీద గీతలు గీసిస్తూ, చెక్కేవాళ్ళను తిడుతూ పొద్దు పుచ్చేవాడు. హార్మోనియం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనిషి కుంగిపోయాడు. కుడిచేత్తో మెట్లు నొక్కగలడు, ఎడమచేత్తో వెనక గాలి కొట్టలేడు. గాలి కొట్టకపోతే అది ఉత్త చెక్కపెట్టె.

దానికి తోడు పారువేట దగ్గరపడుతోంది. అహోబిలం స్వామి ప్రతి ఏడూ తన పెళ్ళికి జనాన్ని పిలవడానికి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. ఆ పల్లకిని దించే అరుగును మా వైపు తెలుపు అంటారు. మామ వాళ్ళ వీధి తెలుపు దగ్గర పల్లకి దిగినప్పుడు, చేతుల్లో చెక్కలు మోగిస్తూ అడుగులేసే చెక్కభజన వేస్తారు. ఆ భజనకు పెట్టె వాయించేది అత్తను చేసుకోకముందు నుంచీ మామే. "సామి గడప ముందరికొచ్చి పిలుస్తాంటే పలక్కుండా లోపల కూచున్నట్టుంటాది" అని అత్తతో అంటుంటే నేను విన్నాను.

అత్త చాలా తేలిగ్గా చెప్పింది. "గాలే కదా. ఎదురుగా కూచోని నేను కొడ్తా."

మామ మొహం జేవురించింది. "నువ్వు గాలి కొడ్తే నేను వాయించినట్టు యాడైతాది? ఒక పెట్టెకు ఇద్దురు మనుషులా? వీధంతా నగుతాది."

అత్త లేచి వంటింట్లోకి పోయింది. నేను నోరు జారాను. "మామా, గాలి కొట్టే పని లేకుండా మోగే హార్మోనియం నేను చేసిస్తా. నువ్వొక్కడివే వాయించుకోవచ్చు" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. నీళ్ళు అడగడానికి మొహమాటపడే మనిషి ముందు చెంబు పెడితే ఎట్లా చూస్తాడో అట్లా. ఆ చూపు చూశాక వెనక్కు తగ్గడం నా వల్ల కాలేదు.

నేనేమీ తెలియక అన్న మాట కాదది. నంద్యాలలో నాకొక చిన్న రికార్డింగ్ గది ఉంది. పెళ్ళిళ్ళకు కీబోర్డ్ వాయిస్తాను. మహానందీశ్వరుడి మీద పాటలో, ఎన్నికల పాటలో, ఎవరేం అడిగితే అది చేసిపెడతాను. మొదట నా కీబోర్డే తీసుకుపోయి దాంట్లో ఉండే హార్మోనియం వినిపించాను. మామ రెండు స్వరాలు నొక్కి, "ఇది బస్సు హారను" అని పక్కకు నెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందుకని ఎవరో అసలైన హార్మోనియాన్ని ఒక్కొక్క మెట్టూ విడిగా రికార్డు చేసి తయారుచేసిన ప్లగిన్ ఒకటి వెతికి పట్టుకున్నాను. ప్లగిన్ అంటే కంప్యూటర్లో ఉండే వాయిద్యం. అయితే అది దానంతట అది మోగదు. దాన్ని కూర్చోబెట్టడానికి పందిరి లాంటి సాఫ్ట్‌వేర్ ఇంకొకటి కావాలి. దాన్ని హోస్ట్ అంటారు. ఏ పందిరి వేయాలన్న దగ్గరే నా బతుకు బస్టాండయింది.

నా గదిలో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాన్నే మామ కోసం తెచ్చిన పాత లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. అది తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగి గ్లాసు కడిగి పెట్టొచ్చు. మెట్టు నొక్కాక శబ్దం ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. చెక్కభజనలో ఒక క్షణమంటే ఒక అడుగు. అడుగు తప్పితే పక్కవాడి చెక్కలు మోచేతికి తగులుతాయి.

రెండోది స్టేజీ మీద వాయించేవాళ్ళ కోసమే చేశారట. పెద్ద పెద్ద బటన్లు, చూడముచ్చటగా ఉంది. డబ్బు కట్టని ట్రయల్ కాబట్టి కొంతసేపటికొకసారి దానంతట అదే మూగబోతుంది. ఇంతా చేసి అది ఏ పాట తర్వాత ఏ పాటో ముందే వరుస రాసుకొమ్మంటుంది. మా వైపు భజనలో ఆ వరుస పాడించే గురువుకే తెలియదు. ఆయన నోట్లోంచి ఏ పల్లవి వస్తే అదే తర్వాతి పాట.

మూడోది మాడ్యులర్ హోస్ట్. ఉచితం. తెరిస్తే బూడిదరంగు కాగితం లాంటి తెర, దాని మీద ఏమీ ఉండదు. వాయిద్యానికి ఒక డబ్బా, స్పీకరుకు ఒక డబ్బా మనమే తెచ్చి పెట్టుకుని, మధ్యలో తీగలు మనమే గీసుకోవాలి. ఏ మీటతో ఏది కదలాలో కూడా మన ఇష్టం. ఏమైనా చెయ్యొచ్చు అంటారు. ఏమైనా చెయ్యొచ్చు అన్న దాంతో ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి నాకు నెత్తి మీద జుట్టు పలచబడింది. వీడియోలో ఒకడు తెర నిండా సాలెగూడు మాదిరి తీగలు అల్లి, చివరికి ఒక చిన్న 'టుంగ్' అనే శబ్దం చేసి మురిసిపోయాడు. హార్మోనియానికి ఏది మంచిదని ఇంటర్నెట్లో ఒక ఫోరంలో అడిగితే, ఒకాయన నా ప్రాసెసర్ ఏదన్నాడు, ఇంకొకాయన అసలు కంప్యూటరే మార్చమన్నాడు, మూడో ఆయన హార్మోనియం అంటే ఏమిటని అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేనూ కొన్నాళ్ళు ఆ లాప్‌టాప్‌నే తిట్టాను.

గాంధీచౌక్ దగ్గర మైక్‌సెట్లు అద్దెకిచ్చే సాయిబు నాకు పాత స్నేహితుడు. స్పీకర్ కోసం పోయినప్పుడల్లా నా గోడు వినేవాడు. ఒకరోజు విసుగొచ్చి, "ఏందన్నా, పెండ్లికూతుర్లను చూసేదానికి పోయినోడి మాదిరి చూస్తానే ఉండావు. ఏదో ఒకటి కట్టుకోని కాపురం చెయ్యి. కొట్లాడుకుంటా అలవాటైపోతాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఇంటికి వచ్చి మిగతా రెండూ తీసిపారేసి, ఆ బూడిదరంగు దాన్నే కట్టుకున్నాను.

లాప్‌టాప్, చిన్న కీబోర్డ్ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. మామ అరుగు మీద కూర్చుని వాయించాడు. ఈసారి బస్సు హారనని అనలేదు. కళ్ళు మూసుకుని ఒక పల్లవి పూర్తిచేశాడు. నేను లోలోపల పొంగిపోయాను. ఆయన కళ్ళు తెరిచి, "పెట్టె మనదే. గాలే లేదు" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది, అందుకే మరీ కోపం వచ్చింది. హార్మోనియం వాయించేవాళ్ళు గాలి ఒకే తీరుగా కొట్టరు. పాట మెల్లగా ఉన్నప్పుడు మెల్లగా, భజన వేగం అందుకున్నప్పుడు గట్టిగా, పల్లవి ఎత్తుకునేచోట ఒక్క ఊపు. ఆ ఊపును బట్టే చెక్కలవాళ్ళు కాళ్ళెత్తుతారు. కంప్యూటర్లో శబ్దం మొదటి నుంచీ చివరి దాకా నీళ్ళు పోసి చదును చేసినట్టుంది.

సరే, ఏమైనా చెయ్యొచ్చు అన్నారు కదా. నంద్యాలకు వచ్చి, కాలితో నొక్కే పెడల్ ఒకటి తెచ్చి, గాలిని దానికి కలిపాను. పెడల్ తొక్కితే శబ్దం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. తీగలన్నీ సరిగ్గా కుదిరాక నన్ను నేనే మెచ్చుకున్నాను. తీరా మామ కాలికింద పెడితే, ఆయన తొక్కింది గాలి కాదు, తాళం. ఆయన కుడికాలు జీవితమంతా తాళం వేసిన కాలు. ఒక్కొక్క దెబ్బకూ శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ, స్టార్టు కాక మొరాయించే మోటారు సైకిల్ కూసినట్టు కూసింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాలు తాళానికి ఉండాది మామా, కొంచెం ఆపు" అన్నాను.

"యాడ ఆపేది? అది నా మాట ఇంటాదా? నేను వాయిస్తాండా, అది ఏస్తాంది, అంతే."

ఎడమకాలికి మార్చాను. అదీ తాళమే వేసింది. తర్వాత గాలి దానంతట అదే పెరిగి తగ్గేట్టు ఒక అల లాంటిది కట్టాను. "నిద్దరపోయేవాడి ఊపిరి మాదిరుంది" అన్నాడు. అల తీసేసి, మెట్టు ఎంత గట్టిగా నొక్కితే అంత గాలి అని పెట్టాను. శిల్పి వేళ్ళు. అన్నీ ఒకే బరువుతో పడతాయి. పోతే పోనీ, నీకు చేతనైంది చేశావు అని నాకు నేను చెప్పుకుని చూశాను. మామ మాత్రం ఒక్కసారీ వద్దని అనలేదు. ప్రతిసారీ "ఇంకొకటి చూడు" అనేవాడు. వద్దంటే నాకు బాగుండేది.

పల్లకి వచ్చే ముందురోజు లాప్‌టాప్ అడక్కుండానే అప్‌డేట్ అయింది. తెల్లారి చూస్తే నా తీగలన్నీ మాయం. గోరుచుట్టు మీద రోకటిపోటు. మామ కంటపడకుండా షెడ్డులో, చెక్కడం సగంలో ఆగిన నందుల మధ్య కూర్చుని, మళ్ళీ గీశాను. ఊపులూ అలలూ కట్టే ఓపిక లేదు, టైమూ లేదు. ఒక్క మీటకు గాలిని కలిపి వదిలేశాను. లాప్‌టాప్‌కు తగిలించిన చిన్న పలక మీద, చేత్తో పైకీ కిందికీ జరిపే మామూలు మీట. సగంలో పెట్టి ఉంచితే సరిపోతుందిలే అనుకున్నాను.

పల్లకి మధ్యాహ్నం వస్తుందన్నారు. ముందు ఊళ్ళవాళ్ళు వదలక పొద్దుగూకే వేళకు వచ్చింది. తెలుపు మీద స్వామిని దించారు, కొబ్బరికాయలు కొట్టారు, గురువు పల్లవి ఎత్తుకున్నాడు. మామ కొత్త పంచె కట్టుకుని పెట్టె ముందు కూర్చున్నట్టే కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. లాప్‌టాప్, మీట చూసుకునేవాణ్ణి కాబట్టి నేను ఆయన వెనకే చాప మీద ఉన్నాను. మొదటి పాట పరవాలేదు. రెండో పాటలో భజన వేగం అందుకుంది. చెక్కల మోతకు హార్మోనియం ఎక్కడుందో వినపడలేదు. ఆడేవాళ్ళలో ఒకడు మామ వైపు చూశాడు, ఇంకొకడు చూశాడు. మామ మెడ వెనక చెమట పట్టింది. వేళ్ళు ఇంకా గట్టిగా నొక్కుతున్నాడు. నొక్కితే ఏం ప్రయోజనం, ఆ తీగ నేను మళ్ళీ గీయనే లేదు.

ఆయన తల దించుకోవడం నేను చూడలేకపోయాను. భుజం మీది తువ్వాలు మీట మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి పైకి తోశాను. శబ్దం లేచింది. పల్లవి దగ్గర ఒక ఊపు, చరణంలో కొంచెం కిందికి, మళ్ళీ పైకి. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో నాకు తెలిసిపోయింది. కాళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. గురువు "అబ్బో!" అని అరిచాడు. మామ మళ్ళీ తల ఎత్తాడు. నాకు ఏడుపొచ్చింది, సాంబ్రాణి పొగ అనుకున్నారు.

ఆ తర్వాత ఆళ్లగడ్డలో ఎవరు కనబడినా మామ ఒకటే మాట. "మా అల్లుడు మిషను కట్టినాడు. గాలి దానంతట అదే కొట్టుకుంటాది." అక్కడితో ఆగాడా? "ఇంక నువ్వు నంద్యాల నుంచి రాబల్లేదు. మిషను ఈడ పెట్టిపో. ఏది నొక్కల్నో చెప్తే శనివారం నేనే ఏసుకుంటా" అన్నాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు, అది నాకోసమే పుట్టిన సామెత. "దానికి వారం వారం అప్‌డేట్ చెయ్యాల మామా" అన్నాను. "ఏం మిషనప్పా అది, బాలింత మాదిరి" అని విసుక్కున్నాడు.

అప్పటి నుంచి శనివారం వస్తే చాలు, పెళ్ళి ప్రోగ్రాములు వదులుకుని, శిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డకు పోతాను. ఎవరి సాయమూ లేకుండా ఆయన ఒక్కడే వాయించుకోవాలని ఇంత చేసి, చివరికి ఆయన వెనక చాప మీద కూర్చుని తువ్వాలు కింద గాలి కొడుతున్నాను. దీనికి హోస్ట్ ఎందుకు, మాడ్యులర్ ఎందుకు? బస్సులో కూర్చున్నంతసేపూ నన్ను నేనే తిట్టుకుంటాను.

మొన్న శనివారం భజన మంచి ఊపు మీద ఉండగా నా ఫోన్ మోగింది. ఆ హోస్ట్ కొత్తది వచ్చిందని కబురు, ఏమేమి మారాయో చదువుతూ పోయాను. రెండో చెయ్యి మీట మీద బిగుసుకుపోయింది. పల్లవి వచ్చింది, ఊపు రాలేదు.

మామ వెనక్కు తిరగలేదు. వేళ్ళు ఆపలేదు. పక్కనున్న అత్తకు కూడా వినపడనంత మెల్లగా, "గాలి, అల్లుడా" అన్నాడు.

ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. ఫోన్ పక్కన పెట్టి మీట పైకి తోశాను.