గడప లేని గుమ్మం

రంపం కింద కలప వాసన రావాలి. మొన్న బెజవాడలో మా మనవరాలి ఫ్లాట్‌లో కరెంటు రంపంతో పాత గడపను కోస్తుంటే హాలంతా పసుపు వాసన వచ్చింది. నాకంటే ముందు పుట్టిన టేకు చెక్క అది. ఎందరు ఆడవాళ్ల అరచేతులు రుద్దిన పసుపు దాని లోపలికి ఇంకిపోయి ఉందో, రంపం తగలగానే పచ్చటి పొడి లేచి సోఫా మీద, గాజుబల్ల కింద దీపాల మధ్య నిలబెట్టిన కొండపల్లి అంబారీ ఏనుగు మీద, నా చేతుల మీద పడింది.

ఊళ్లో ఇల్లు పడగొట్టినప్పుడు పురిటి గది ద్వారబంధాన్ని గడపతో సహా దాచింది నేనే. పాతా కొత్తా కలిపి ఇల్లు తీర్చిదిద్దుతానని వచ్చిన డిజైనర్ అమ్మాయి దాన్ని చూసి మురిసిపోయి, మనవరాలూ ఆమె పసివాడూ పడుకునే గదికి పెట్టించింది. పెట్టించాక కింది చెక్క కోయించింది.

"గడపుంటే రోబో దాటలేదండీ తాతగారూ. ఇల్లంతా ఊడ్చేది అదే కదండీ," అంది, నాకేదో మేలు చేసినట్టు.

కోసిన ముక్కను గోడకు బిగించి, అడుగున చిన్న బల్బులు వేలాడదీసి, పైన మొక్కల కుండీలు పెడతారట. నేను అయిదో తరగతిలో బడి మానేసి, మిగతా చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీద చదువుకున్నవాణ్ణి. వాళ్ల శాస్త్రం నాకు తెలియదు. గడప ఎందుకుందో మాత్రం తెలుసు.

మా ఊరు కంకిపాడుకు అవతల, కాలువ పక్కన. చెరుకు ఆడే రోజుల్లో ఉయ్యూరు మిల్లు వైపు నుంచి గాలి తిరిగితే ఊరంతా కాగిన తీపి వాసన, వానాకాలంలో నారుమళ్ల పచ్చి వాసన, శ్రావణ శుక్రవారాల్లో నేతిలో వేగే బూరెల వాసన, నానబెట్టిన శనగల వాసన, వీటన్నిటి అడుగున ఎప్పుడూ తడి పసుపు వాసన ఉండేవి. తెల్లవారగానే నాయనమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, గడప గడపకూ వంగి పసుపు రాసి, ఉంగరం వేలితో కుంకుమ బొట్లు పెట్టుకుంటూ పోయేది. ఆ బొట్లు ఆరకముందే మేము నేలా బండా ఆట మొదలుపెట్టేవాళ్లం. నేల మీద ఉన్నవాణ్ణి దొంగ పట్టుకోవచ్చు, బండ ఎక్కినవాణ్ణి ముట్టుకోకూడదు. ఇంట్లో బండ ఎక్కడిది? గడపే బండ. ఎక్కామో లేదో నాయనమ్మ చీపురు తిరగేసి వచ్చేది.

"గడపెక్కి కూచుంటే లచ్చిందేవి కాలెక్కడ పెడద్దిరా సన్నాసీ?"

ఆ ఇంట్లో ఎవరూ గడప తొక్కేవారు కాదు, గడప మీద తుమ్మేవారు కాదు, గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడి ఏదీ ఇచ్చి పుచ్చుకునేవారు కాదు. నాయనమ్మ చచ్చినా దాని మీద కూర్చోదని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు వానలు విడవకుండా కురిసి కాలువకు గండి పడింది. నాన్న, ఊళ్లో మగవాళ్లంతా తాటి దుంగలూ గడ్డిమోపులూ మోసుకుని గండి దగ్గరికి పరిగెత్తారు. ఇంట్లో మిగిలింది నాయనమ్మ, నేను, పురిటి గదిలో జ్వరంతో కళ్లు తెరవని అమ్మ, ఆమె పక్కలో ఇంకా పేరు పెట్టని తమ్ముడు. మధ్యాహ్నానికి నీళ్లు అరుగు ఎక్కాయి, సావిట్లోకి వచ్చాయి. ఎర్రటి నీళ్లు, వాటి మీద పేడకడులు, జెర్రులు, ఒకసారి గోడ వెంట తల పైకెత్తి ఈదుకుంటూ పోయిన పాము. పురిటి గది మట్టిగోడలు లోపలినుంచి కూడా నానాయంటే కప్పు అమ్మ మీద పడుతుంది. అమ్మను కదిలించి తీసుకుపోవడానికి చోటు లేదు, మోయడానికి మనిషి లేడు.

నాయనమ్మ నన్ను అమ్మ మంచం మీదికి ఎక్కించి, గడప కింది సందుల్లో గడ్డీ బంకమట్టీ కూరింది. గడప మీద గోనె పట్టా మడిచి వేసి, దాని మీద మట్టి మెత్తింది. నీళ్లు ఆ మట్టిని మెల్లగా నాకుతున్నాయి. అది జారడం మొదలుపెట్టేసరికి, వెనక్కి తిరిగి మా వంక ఒకసారి చూసి, కూర్చుంది. గడప మీద. ద్వారబంధం ఒక కమ్మీకి వీపు ఆనించి, రెండో కమ్మీకి కాళ్లు తన్నిపెట్టి, మట్టిని తన బరువుతో అదిమి పట్టి.

పామును చూసినప్పుడు నేను ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. నాయనమ్మే గడప మీద కూర్చుందంటే ఇంక ఈ లోకంలో మమ్మల్ని కాపాడేది ఏదీ మిగల్లేదని నాకు అర్థమైంది.

"కూచున్నావేంటి నాయనమ్మా? లచ్చిందేవి..."

"ఇయ్యాళ రాదులేరా. ఆవిడికి పడవ దొరకలేదంట."

అని నవ్వింది. గడప పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు.

పొద్దు వాలేవేళకు గండి పూడింది. నీళ్లు గడప మీది మట్టి అంచు దాకా వచ్చి ఆగి, అక్కడే కాసేపు ఆలోచించుకుని, దిగిపోయాయి. నాయనమ్మ నడుం పట్టుకుని లేచి, మట్టి కారుతున్న చీరతోనే ముందు గడప కడిగింది. పసుపు రాసింది. తర్వాత దాని ముందు నిలబడి, తప్పు చేసిన పిల్లలా చెంపలు వేసుకుంది.

మనవరాలి ఫ్లాట్ కింది అంతస్తులో, పల్లంలో ఉంది. కిందటి వానలకు నీళ్లు మెట్ల దాకా వచ్చి పోయాయి. అందుకే గడప తిరిగి పెట్టించమని అడిగాను.

"తాతయ్యా, గడపుంటే మాత్రం వరద ఆగుద్దా?"

"ఆగదమ్మా. ఆగిందాకా కూచోడానికి చోటుంటది."

తను నవ్వింది. గడపకు పసుపు రాసే చేతులు పోయాయి, చీపురు తిరగేసే చేతులు పోయాయి, నేలా బండా ఆడే పిల్లలు పోయారు. గడప మాత్రం మిగిలింది, ఎవరి కాలికీ అందనంత ఎత్తున, బల్బులు కట్టుకుని, గోడ మీద.

ఇవాళ పొద్దుటి నుంచీ ముసురు. పసివాడు లోపల నిద్రపోతున్నాడు. నేను నా తువ్వాలు గట్టిగా చుట్టి, ఆ మూడు చెక్కల గుమ్మం అడుగున అడ్డంగా పరిచాను. ఊడ్చుకుంటూ వచ్చిన గుండ్రటి యంత్రం దానికి తగిలి, కాసేపు గింజుకుని, వెనక్కి మళ్లింది. గదిలోంచి మనవరాలు వచ్చింది. తువ్వాలునూ నన్నూ చూసింది. కాలెత్తి దాటింది.