మోత కమిటీలో సరస్వతమ్మ

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారికి కాస్త లోపలికి ఉంటుంది. ఊరి పక్కన సర్కారువాళ్లు చిన్న విమానాశ్రయం కట్టి, దాన్ని విమానం నడపడం నేర్పే బడికి అప్పగించారు. అప్పటి నుంచి మాకు పగలంతా మోతే. చిన్న చిన్న విమానాలు ఒకదాని వెనుక ఒకటి లేచి, ఊరి మీద ఒక చుట్టు చుట్టి, మళ్లీ దిగుతాయి. జనం గోల పెడితే శబ్ద పర్యవేక్షణ కమిటీ అని ఒకటి వేశారు. రన్‌వే పక్కనే శనగచేను ఉన్న పాపానికి ఈ శేషయ్యను దానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఊళ్లో అందరూ దాన్ని మోత కమిటీ అంటారు. మాకు అధికారం సున్నా. నెలకోసారి కూర్చుని, టీ తాగి, ఫిర్యాదులు విని పైకి పంపడమే మా పని. నిజం చెప్పాలంటే ఆ పని నాకు సుఖంగానే ఉండింది, సరస్వతమ్మ కమిటీలోకి వచ్చేదాకా.

సరస్వతమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది. విమానాల మీద వచ్చిన కోపం మాత్రం పోలేదు. దానికి కారణం ఆమె అక్క కొడుకు తిమోతి పెళ్లి.

వాళ్ల చర్చిలో ఒక పట్టింపు ఉంది. పెళ్లిలో పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు పిల్లా పిల్లోడూ "స్వీకరిస్తాను" అనే మాట చివరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడాలి. వినబడకపోతే చెప్పనట్టే లెక్క. తిమోతి నోరు తెరిచేసరికి నెత్తి మీదికి విమానం వచ్చింది. అయ్యగారు మళ్లీ అడిగితే ఇంకో విమానం. మూడోసారి అతను విసుగెత్తి అరిచాడు. "పిల్లోనికి ఇష్టం లేనట్టుండాది, కసురుకుంటాండాడు" అని పెళ్లికూతురి అవ్వ అందరి ముందూ అనేసింది. ఆ మాట పాములపాడు దాకా పాకింది.

పాములపాడుకే ఇప్పుడు సరస్వతమ్మ ఒక్కగానొక్క కూతురు ఫెబాను ఇస్తున్నారు. పెళ్లికొడుకు ప్రవీణ్ మంచివాడే గానీ వాళ్ల పెద్దలు ప్రతిదానికీ వంక వెతికే రకం. పెళ్లి వేసవిలో, మా ఊరి చర్చిలోనే. అందుకే సరస్వతమ్మ కమిటీలో చేరింది. మొదటి సమావేశంలోనే టీ గ్లాసు పక్కకు జరిపి నన్ను పట్టుకుంది.

"ఏం శేషయ్యన్నా, ఆకాశానికి పలుపు గట్టే మొగోడు మీ కమిటీలో ఒక్కడూ లేడా?"

"రాసి పంపినాం గదమ్మా."

"నువ్వు రాస్తాండావ్, వాళ్లు మూలకు ఏస్తాండారు. నా బిడ్డ చెప్పే మాట నాకు ఇనపడాల. అంతే."

రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరిస్తే ఎలా? తర్వాతి సమావేశానికి విమానాల బడి నుంచి చందనను పిలిపించాను. ఆ అమ్మాయిది నంద్యాలే, అక్కడ విమానం నడపడం నేర్పుతుంది. అటు బడికీ ఇటు ఊరికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది, పాపం. "మేం ఊరి మీద కావాలని తిరగడం లేదమ్మా. పైనుంచి ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది" అంది.

సరస్వతమ్మ కొంగు బిగించింది. అధ్యక్షుణ్ణి కాబట్టి నేనూ ఎక్కక తప్పలేదు. విమానం లేస్తుంటే నేను కళ్లు మూసుకుని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను. సరస్వతమ్మ ముందు సీట్లో కూర్చుని కీర్తన ఎత్తుకుంది. కళ్లు తెరిచేసరికి దూరంగా నల్లమల కొండలు, కింద మా చేలు, కాలువ. ఇంత అందమైన చోట ఉండి ఇన్నాళ్లూ మోత గురించే మాట్లాడుకున్నామా అనిపించింది.

"అదుగో అమ్మా, ఆ తెల్లది" అని చందన చేయి చూపింది. "నేర్చుకునేవాళ్లకు దూరం నుంచి బాగా కనబడేది అదే. దాని మీదికి రాగానే తిప్పమని చెబుతాం."

తీరా చూస్తే అది వాళ్ల చర్చి. క్రిస్మస్ ముందు ఊరంతా తిరిగి మనుషుల్ని పోగేసి, భర్త సంజీవయ్య చేత గోడలకూ మిద్దెకూ పాలలా సున్నం కొట్టించింది సరస్వతమ్మే. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వద్దన్నా" అంది ఆమె, తానూ నవ్వుతూనే. "మేమే పిలిచి పీట ఏస్తాండామే!"

దిగగానే నేను తెలివి ప్రదర్శించాను. "చర్చికి మట్టిరంగు పూస్తే సరిపోదా?"

"దేవుని ఇంటికి మట్టిరంగా? నీ మిద్దెకు పూసుకోపో" అని, ఆమె చందన వైపు తిరిగింది. "పాపా, మీ పిల్లోళ్లకు తెల్లగుండే గురుతు కావల్ల. అంతేనా? శేషయ్యన్న చేను అవతల బోడిగుట్ట ఉండాది. ఆడ మనుషులే లేరు. దానికే కొడితే?"

చందన తన పైఅధికారిని తీసుకొచ్చి గుట్టను చూపించింది. బాగా కనబడితే ఇక అక్కడే తిప్పిస్తామని ఆయన మాటిచ్చాడు.

మరుసటి ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి జనం, రైతుల ఇళ్లవాళ్లు అందరం గుట్టెక్కాం. సంజీవయ్య డ్రమ్ముల్లో సున్నం కలిపి పంచాడు. బండలకు కొట్టింది కొంత, ఒకరి మీద ఒకరు చల్లుకున్నది కొంత. సరస్వతమ్మ బొరుగులతో గంపెడు ఉగ్గాని చేసి తెచ్చింది. సాయంత్రం ఇంటికి పోతే మా ఆవిడ కమలాక్షమ్మ వాకిట్లోనే నిలబెట్టి "ఎవరు కావల్లప్పా?" అని అడిగింది. అంత తెల్లగా ఉన్నాను.

ఆ వారం నుంచే విమానాలు గుట్ట దగ్గర తిరగడం మొదలుపెట్టాయి. అయినా పెళ్లినాడు చర్చిలో మా ఊరివాళ్ల చెవులన్నీ కప్పు మీదే ఉన్నాయి. నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. అయ్యగారు అడిగితే ప్రవీణ్ గట్టిగా "స్వీకరిస్తాను" అన్నాడు. తర్వాత ఫెబాను అడిగారు.

ఫెబా పలకలేదు. తల్లి వైపు చూసింది, కళ్లనిండా నీళ్లు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాములపాడు పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పే!" అని సరస్వతమ్మ లేచి నిలబడింది. "ఆకాశమంతా ఖాళీ జేపిచ్చినా గదే, చెప్పు!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. పాములపాడు పెద్దలు కూడా నవ్వారు. ఆ నవ్వు సద్దుమణగగానే ఫెబా కళ్లు తుడుచుకుని "స్వీకరిస్తాను" అంది. చివరి బల్లకు స్పష్టంగా వినబడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది, సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టేశాను.

సరస్వతమ్మ మాత్రం కొంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. కాసేపటికి తలెత్తి, ముందు బల్ల నుంచే వెనక్కి నా వైపు తిరిగి, "చెప్పిందా అన్నా? ఏడ్చుకుంటా ఉన్యా, నాకు ఇనపడల్యా" అంది.

నేను జవాబు చెప్పేలోపే ఫెబా మెట్లు దిగి వచ్చింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఆ మాట మళ్లీ చెప్పింది. ఈసారి అది మాకెవ్వరికీ వినబడలేదు.